బాత్ బాంబ్: టబ్బు లేని ఇంట్లో, బోరు నీళ్లతో ఎట్ల వాడాలె?

సుబేదారి_ఫ్లాట్

అందరికి నమస్తే. బాత్ బాంబ్ (తానం నీళ్లల్ల వేస్తే పొంగే వాసన ఉండ) గురించి తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

మాది హన్మకొండ సుబేదారిలో రెండో అంతస్తు, కిరాయి ఫ్లాట్. బాత్రూం 5 అడుగులు బై 8 అడుగులు. కట్టిన టబ్బు లేదు. 25 లీటర్ల కరెంటు గీజర్ ఉంది. వాడేవి ఎక్కువ బోరు నీళ్లే, నల్లా వచ్చినప్పుడు సంపుల కలుస్తయి. బకెట్లకు, గీజర్ పైపుకు తెల్లపొర కడుతనే ఉంటది.

ఆన్‌లైన్ల మడత పెట్టే గుండ్రటి టబ్బులు వస్తున్నయి కదా, 70 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు. అది తెచ్చుకుని వారానికి ఒకసారి బాత్ బాంబ్ వేసి కూసుందామని. అసలు 25 లీటర్ల గీజర్ సరిపోతదా? రెండో అంతస్తుల అంత బరువు పెట్టొచ్చా? ఉప్పు నీళ్లల్ల బాంబ్ పనిచేస్తదా? కొనేటివి చాలా ధర ఉన్నయి, ఇంట్ల చేసుకుంటే కొలతలు ఏంది? మా అమ్మకు కూడా కాళ్లకు టబ్బుల వేసి ఇద్దామనుకుంటున్న. ఆమెకు షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నయి.

కాజీపేట_ప్లంబింగ్

అక్కా, ముందు నీళ్ల లెక్క చూసుకో. బాంబ్ ఎంత మంచిదైనా నీళ్లు మోకాళ్ల దాకనే ఉండి, పది నిమిషాల్ల చల్లారిపోతే కూసున్నట్టే ఉండదు.

70 సెంటీమీటర్ల గుండ్రటి టబ్బుల 40 సెంటీమీటర్ల ఎత్తుకు నీళ్లు రావాలంటే మొత్తం 150 లీటర్ల జాగ. అందుల మనిషి కూసుంటే మునిగిన ఒళ్లు 40, 50 లీటర్ల జాగ తీసుకుంటది. అంటే నువ్వు నింపాల్సింది 100 నుంచి 110 లీటర్లే. ఖాళీ టబ్బుల చూసినప్పుడు 27, 28 సెంటీమీటర్ల దగ్గర ఆపెయ్. టబ్బు గోడకు లోపల మార్కర్‌తో గీత పెట్టుకుంటే ప్రతిసారి కొలిచే పని ఉండదు. చాలామంది పైదాక నింపి, కూసోంగనే సగం నీళ్లు బయటికి పారించుకుంటరు. వేడి నీళ్లు పోయె, బాంబ్ పోయె.

ఇప్పుడు గీజర్. థర్మోస్టాట్ 65 డిగ్రీల మీద ఉండి, ట్యాంకు నీళ్లు 27 డిగ్రీలు ఉంటే, 39 డిగ్రీల నీళ్లు కావాలంటే మూడింట ఒక వంతు కంటే కొంచెం తక్కువ వేడినీళ్లు కలపాలె. 25 లీటర్లతోటి లెక్క ప్రకారం 79 లీటర్లు అయితయి. డిసెంబర్, జనవరిల ట్యాంకు నీళ్లు 21కి దిగుతే అదే గీజర్ 60 లీటర్ల దాకనే ఇస్తది. అదీ కాయితం మీద. వేడినీళ్లు బయటికి పోతుంటే కింద నుంచి చల్లటి నీళ్లు లోపలికి వస్తనే ఉంటయి, ఆఖరి లీటర్లు గోరువెచ్చగనే వస్తయి. అందుకని ఒక్క దఫాల కాదు, రెండు దఫాల నింపాలె. మొదటి గీజర్ మొత్తం టబ్బుల దించి, మూత కప్పి పెట్టు. మడత టబ్బుతోటి మూత వస్తది, అది పారేయొద్దు. లైట్ ఆరినంక రెండో దఫా దించు. చల్లటి నీళ్లు అన్నిటికంటే ఆఖర్ల, థర్మామీటర్ చూసుకుంట పొయ్యాలె. కరెంటు భయం పెట్టుకోకు. 100 లీటర్లు 27 నుంచి 39కి తేవాలంటే 1.4 యూనిట్లు, చలికాలం అయితే రెండు యూనిట్ల చిల్లర.

ఎండకాలం తీరు వేరే. ఏప్రిల్, మే నెలల్ల మిద్దె మీది నల్ల ట్యాంకుల మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టనియ్యవు. గీజర్ అక్కర్లేదు గని, ఆ నీళ్లు కొలవకుండ కూసోవద్దు.

బరువు సంగతి. 110 లీటర్ల నీళ్లు, 65 కిలోల మనిషి, కలిపి 175 కిలోలు. ఇండ్లల్ల బాత్రూం స్లాబ్‌ను చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తరు. నీ బాత్రూం 3.7 చదరపు మీటర్లు. కాబట్టి మంచిగ కట్టిన పిల్లర్ల బిల్డింగుల ఏం కాదు. పాత రాతి కట్టడం, సలాకలు బయటికి కనిపించే స్లాబ్ అయితే పెట్టొద్దు. టబ్బు గోడ పక్కకు పెట్టు, నడిమిట్ల వద్దు. కింద పాత టవల్ ఒకటి పరిచి పెట్టు, టైల్ మీద జారదు.

నీళ్లు వదిలేటప్పుడు టబ్బు వంచొద్దు. 110 లీటర్లు ఒక్కసారి పడితే నహాని ట్రాప్ (బాత్రూం నేల మీద జాలి కింద నీళ్లు పోయే గుంట) మింగలేదు, గడప దాటి హాల్లకు వస్తయి. అడుగున ఉండే మూతకు పైపు తగిలించి నేరుగ ట్రాప్ జాలి మీద పెట్టు, దాని పని అది చేసుకుంటది. ముందు జాలి ఎత్తి వెంట్రుకలు తియ్యి.

ఇంకొక మాట, ఇది మాత్రం పక్క పెట్టొద్దు. గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉంటే ఈ పని చెయ్యనే చెయ్యొద్దు. బకెట్ తానం పది నిమిషాలు, ఇది తలుపు మూసి అరగంట. గ్యాస్ సరిగ్గ మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తది, దానికి వాసన ఉండదు, మనిషి కూసున్నకాడనే స్పృహ తప్పుతడు. గ్యాస్ గీజర్ బాత్రూం బయట, గాలాడే జాగల ఉండాలె. హీటర్ రాడ్ టబ్బుల పెట్టుడు అసలే వద్దు, ప్లాస్టిక్ కరుగుతది, షాక్ కొడుతది. రాడ్ వాడాల్సి వస్తే ఇనుప బకెట్లకు కాకుండ గట్టి ప్లాస్టిక్ బకెట్ల కాచి, స్విచ్ బంద్ చేసి, ప్లగ్ పీకినంకనే నీళ్లు ముట్టుకోవాలె.

సబ్బులపని

నీళ్ల సంగతి పైన బాగా చెప్పారు. నేను బాంబ్ గురించి రాస్తాను.

బాత్ బాంబ్‌లో అసలు సరుకు రెండే: వంట సోడా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). నీళ్లు తగలగానే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, సోడియం సిట్రేట్ మిగులుతుంది. ఈనో పొడి పొంగేది కూడా ఇట్లనే. 1989లో ఇంగ్లండ్‌లో మో కాన్‌స్టంటైన్ (తర్వాత లష్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరు) మొదటి బాత్ బాంబ్ చేసింది కూడా కడుపు మంటకు వేసుకునే పొంగే బిళ్లను చూసే. మిగతావన్నీ, నూనె, వాసన, రంగు, పిండి, ఆ పొంగు మోసుకెళ్లే సరుకులు. పొంగు వల్ల కండరాల నొప్పి తగ్గదు. ఒళ్లు వదులయ్యేది వెచ్చని నీళ్ల వల్ల. బాంబ్ ఇచ్చేది వాసన, చర్మం మీద పలచని నూనె పొర. ఇది తెలిస్తే ఎంత ఖర్చు పెట్టాలో కూడా తెలుస్తుంది.

బోరు నీళ్లలో పొంగదనే మాట నిజం కాదు. పొంగు అంతే వస్తుంది. తేడా వేరే చోట. తాగే నీళ్లకు గట్టిదనం (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా సరే అని తాగే నీళ్లకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. మీ బకెట్‌కు పొర కడుతుందంటే 200 దాటే ఉంటుంది. సిట్రేట్‌కు కాల్షియంను పట్టుకునే గుణం ఉంది కాబట్టి నీళ్లు కొంచెం మెత్తబడతాయి. కానీ 150 గ్రాముల బాంబ్‌లో 45 గ్రాముల నిమ్మ ఉప్పే ఉంటుంది. 400 గట్టిదనం ఉన్న 100 లీటర్లలో అది సగం కాల్షియంను పట్టుకుంటే గొప్ప. మిగిలిన కాల్షియం నూనెతో, ముఖ్యంగా సబ్బుతో కలిసి టబ్బు అంచున బూడిద రంగు చారగా అంటుకుంటుంది. అందుకే టబ్బులో సబ్బు రుద్దొద్దు. ముందు మామూలు స్నానం చేసి, సబ్బు కడిగేసుకుని, తర్వాత టబ్బులోకి దిగాలి. నల్లా నీళ్లు వచ్చిన రోజు వాటితోనే నింపితే తేడా చేతికే తెలుస్తుంది.

ఇక కొలతలు. అన్నీ తూకంలోనే, గ్లాసులతో కొలవొద్దు. వంట సోడా 300 గ్రాములు, నిమ్మ ఉప్పు 150 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు. నూనె 15 మిల్లీలీటర్లు. వాసన నూనె 5 మిల్లీలీటర్లు, చర్మం సున్నితమైతే 2 చాలు. పాలీసార్బేట్ 80 దొరికితే 5 మిల్లీలీటర్లు. నూనె, రంగు నీళ్లలో కలిసిపోయేలా చేసేది అదే, లేకపోతే నూనె పైన తేలి ఒంటికి ఒకచోటే అంటుకుంటుంది. ఈ అర కిలోతో 6.5 సెంటీమీటర్ల గుండ్రటి అచ్చులో మూడు బాంబులు వస్తాయి, ఒక్కోటి 100 లీటర్లకు సరిపోతుంది.

రెండు భాగాల సోడాకు ఒక భాగం నిమ్మ ఉప్పు అనేది వాడుకలో ఉన్న లెక్క, రసాయనం లెక్క కాదు. 150 గ్రాముల నిమ్మ ఉప్పుకు నిజంగా కావలసిన సోడా 197 గ్రాములే. మిగిలిన 100 గ్రాములు నీళ్లలో అట్లనే ఉండి నీళ్లను కొంచెం క్షారంగా ఉంచుతాయి. చాలామందికి ఇబ్బంది ఉండదు. చర్మం పొడిబారి గీతలు పడేవాళ్లు సోడాను 225కి తగ్గించుకుంటే మేలు. కానీ అప్పుడు తడికి ఇంకా తొందరగా పొంగుతుంది, చేసేటప్పుడు జాగ్రత్త.

చేసే పద్ధతి: సోడా, కార్న్‌ఫ్లోర్ మైదా జల్లెడలో జల్లించి కలపండి. నూనెలన్నీ వేరే గిన్నెలో కలిపి చుక్కచుక్కగా పొడిలో వేసి, ఉండలు లేకుండా వేళ్లతో నలపండి. నిమ్మ ఉప్పు అన్నిటికంటే చివర వేయాలి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే సీసాలో పోసి రెండు మూడు సార్లు కొట్టి కలపడం, మళ్లీ కొట్టి కలపడం. పొయ్యి, దీపం దగ్గర లేకుండా చూసుకోండి, అది అంటుకునే సరుకు. పొడిని గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. ఆ ముద్దను జానెడు ఎత్తు నుంచి ఇంకో చేతిలో వేస్తే విరగకూడదు. అంతకంటే తడి అక్కర్లేదు. అచ్చు రెండు సగాల్లో పొడి వదులుగా, అంచు పైకి కుప్పగా నింపి, రెండూ ఒక్కసారి గట్టిగా అదమాలి. లోపల ముందే గట్టిగా కూరితే రెండు సగాలు అతుక్కోవు, ఎండాక నడుము దగ్గర విడిపోతాయి. అచ్చు లేకపోతే చిన్న స్టీలు కటోరి చాలు, సగం బాంబ్ అయినా పొంగేది అదే. ఐదు నిమిషాలకు అచ్చు వెనక మెల్లగా తట్టి తీసి, కాగితం మీద 24 గంటలు, వానకాలమైతే 48 గంటలు ఆరనివ్వాలి.

చాలామంది ఇక్కడే దెబ్బతినేది శానిటైజర్‌తో. ఇంట్లో ఉన్నది 70 శాతం ఆల్కహాల్, మిగతాది చాలావరకు నీళ్లు. ఆ నీళ్లకే పొంగు అచ్చులోనే మొదలై బాంబ్ ఉబ్బి పైకి లేస్తుంది, పైన బుడిపెలు వస్తాయి. చూడడానికి పెద్దగా ఉంటుంది, టబ్బులో వేస్తే సరిగా పొంగదు, ఎందుకంటే సగం పొంగు అయిపోయింది.

నూనె విషయంలో కొబ్బరినూనె చెప్పేవాళ్లు ఎక్కువ. ఎండకాలం పరవాలేదు. చలికాలం 24 డిగ్రీల కింద అది గడ్డకడుతుంది. టబ్బులో కరిగే ఉంటుంది కానీ ట్రాప్‌లోకి వెళ్లి చల్లారాక పైపు లోపల అంటుకుంటుంది. నువ్వుల నూనె ఏ కాలమైనా ద్రవంగానే ఉంటుంది, ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుంది. కోకో బటర్ వేసిన బాంబులు మన మే నెలలో అల్మారాలోనే మెత్తబడతాయి.

సుబేదారి_ఫ్లాట్

చాలా థ్యాంక్స్ అన్నా. కిరాణంల అడిగితే నిమ్మ ఉప్పు చక్కెర లెక్క పలుకులు పలుకులుగ ఉన్నది ఇచ్చిండు. సోడా రెండు రకాలు చూపెట్టిండు. కార్న్‌ఫ్లోర్ అంటే మక్కపిండేనా? ఇంక ఎప్సమ్ సాల్ట్ రెండు కప్పులు కలపమని వీడియోలల్ల చెప్తున్నరు, మీరు రాయలేదు.

సబ్బులపని

సోడా రెండు రకాల్లో తినే సోడానే తీసుకోండి, ప్యాకెట్ మీద సోడియం బైకార్బొనేట్ అని ఉండాలి. రెండోది బట్టల సోడా, అది సోడియం కార్బొనేట్. చూడడానికి రెండూ తెల్లపొడే, కానీ దాని క్షారం చర్మాన్ని మంట పెడుతుంది. బేకింగ్ పౌడర్ కూడా వద్దు, అందులో ముందే ఆమ్లం కలిసి ఉంటుంది, లెక్క తప్పుతుంది.

మక్కపిండి కాదు. పసుపు పచ్చగా, రొట్టెలకు వాడేది వేస్తే నీళ్లలో తరకలు తేలి ఒంటికి అంటుకుంటాయి. సూపు చిక్కబడడానికి వేసే తెల్లని మెత్తటి పిండి కావాలి.

పలుకుల నిమ్మ ఉప్పు మిక్సీలో, పూర్తిగా ఆరిన జారులో, ఆగి ఆగి తిప్పండి. వెంటనే మూత తీయొద్దు, పొడి కిందికి దిగడానికి ఐదు నిమిషాలు ఆగాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి. ఆ ధూళి గొంతులో పడితే దగ్గు ఆగదు. ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ అని ఉందేమో చూడండి. అందులో 8 శాతం పైగా నీళ్లు పలుకుల్లోనే బంధించి ఉంటాయి. అన్‌హైడ్రస్ (నీళ్లు లేనిది) దొరికితే అదే మంచిది. దొరకకపోతే 150కి బదులు 165 గ్రాములు వేయండి, ఆల్కహాల్ ఒకటి రెండు స్ప్రేలు తగ్గించండి.

ఎప్సమ్ సాల్ట్ కావాలనే రాయలేదు. దాని పలుకులోనూ నీళ్లే, మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో అణువుకు ఏడు నీటి అణువులు. బాంబ్ ముద్దలో కలిపితే నిలువలో తడి వదిలి ముద్దను మెత్తబరుస్తుంది. వేయాలనుకుంటే నీళ్లలో విడిగా వేసుకోండి, 100 లీటర్లకు 250 గ్రాములు చాలు. చర్మం గుండా మెగ్నీషియం ఒంట్లోకి ఎక్కి నొప్పులు తగ్గిస్తుందనే దానికి గట్టి ఆధారం లేదు. దానికోసం ఖర్చు పెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం. బాంబ్‌లో దొడ్డుప్పు వేసేవాళ్లూ ఉన్నారు, గీరుకుపోతుంది తప్ప లాభం లేదు.

ఫిజియో_కరీంనగర్

అమ్మగారి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది ముందు.

షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు నానబెట్టడం మంచిది కాదు. చాలాకాలంగా షుగర్ ఉంటే అరికాళ్లలో స్పర్శ మెల్లగా తగ్గుతుంది. 48 డిగ్రీల నీళ్లు కూడా వాళ్లకు గోరువెచ్చగానే అనిపిస్తాయి, కాలిన సంగతి బొబ్బ వచ్చాకే తెలుస్తుంది. వేళ్ల సందుల్లో చర్మం నానితే పగిలి, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ మొదలవుతుంది. బాంబ్‌లోని వాసన నూనెలు ఆ పగుళ్లను ఇంకా రేపుతాయి. ముందు ఆమె పాదాల స్పర్శ పరీక్ష చేయించండి, సన్నని నైలాన్ తీగతో అరికాలు మీద తాకించి చూస్తారు, నిమిషాల పని. స్పర్శ తగ్గిందంటే నానబెట్టడం మాట మానేయండి. కాళ్లు కడగడానికి 37 డిగ్రీలలోపు నీళ్లు, అదీ మీరు కొలిచి ఇవ్వాలి. కడిగాక వేళ్ల సందులు మెత్తటి బట్టతో ఒత్తి తుడవాలి, సందుల్లో క్రీము రాయొద్దు.

మోకాళ్ల నొప్పికి పాదాలు టబ్బులో పెడితే వేడి మోకాలి దాకా చేరదు. తడి టవల్ వేడి కాపడం మోకాలి మీదే, మధ్యలో పొడి టవల్ మడత వేసి, 15 నిమిషాలు. మోకాలు వాచి ఎర్రగా, వేడిగా ఉన్న రోజు కాపడం వద్దు. షుగర్ ఉంది కాబట్టి ప్రతి ఐదు నిమిషాలకు బట్ట ఎత్తి చర్మం రంగు చూడండి.

ఇక మీకు. నీళ్లు 38 నుంచి 39 డిగ్రీలు, సమయం 15 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 20. వేడి ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకునేవాళ్లు చాలామంది. 41 దాటితే గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, నీళ్లలో ఉన్నాం కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు. వేడికి చర్మంలో రక్తనాళాలు విప్పారి బీపీ తగ్గుతుంది. టబ్బులోంచి ఒక్కసారి లేస్తే కళ్లు తిరిగేది అందుకే. మడత టబ్బు అంచు ఎత్తు, పట్టుకుంటే వంగుతుంది. పక్కన కదలని ప్లాస్టిక్ స్టూల్ ఒకటి, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. ముందు నీళ్లలోనే మోకాళ్ల మీద లేచి, నిమిషం ఆగి, తర్వాత స్టూల్ మీద కూర్చుని కాళ్లు బయటికి తీయండి. బాంబ్ నూనె వల్ల టబ్బు అడుగు, పాదాలు, బాత్రూం టైల్ మూడూ జారతాయి. ఒంటికి నూనె పట్టించుకుని టబ్బులో దిగొద్దని గట్టిగా చెబుతాను.

నిద్ర కోసమైతే పడుకునే ముందు గంట, గంటన్నర ఉండగా చేయండి. బయటికి వచ్చాక చర్మం నుంచి వేడి వెళ్లిపోయి ఒంటి లోపలి వేడి తగ్గడం మొదలవుతుంది, నిద్ర అప్పుడే పడుతుంది. టబ్బులోంచి నేరుగా మంచం మీదికి వెళ్తే ఒళ్లు ఇంకా వేడిగానే ఉంటుంది. అన్నం తిన్న వెంటనే, మందు తాగి ఉన్నప్పుడు వద్దు.

గర్భిణులు వేడి టబ్బులో కూర్చోకూడదు, 37 దాటొద్దు, బాంబ్ వేసేముందు డాక్టరును అడగాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరును అడిగాకే. తామర, గజ్జి, మానని పుండు ఉంటే బాంబ్ అసలు వద్దు. చిన్న పిల్లలకు ఒట్టి నీళ్లే. వాసనలు, రంగులు ఉన్న నీళ్లలో కూర్చోబెడితే ఆడపిల్లలకు మూత్రం పోసే చోట మంట వస్తుంది.

నయీంనగర్_బజారు

కొనేవాళ్లకు నాలుగు మాటలు. బాత్ బాంబ్ మన దేశంల కాస్మెటిక్ కిందికి వస్తది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు, కలిపిన సరుకుల పేర్లు ఉండాలె. ఇవి లేకుండ పారదర్శక కవర్ల చుట్టి అమ్మేటివి వాసన ఎంత మంచిగున్నా తీసుకోవద్దు. ఇంట్ల చేసినవి సొంతానికి వాడుకోవచ్చు, అమ్మాలంటే మాత్రం తయారీ లైసెన్స్ కావాలె.

చేతుల పట్టుకుని చూడు. సైజుకు తగిన బరువు ఉండాలె, కవరు ఉబ్బి ఉండొద్దు. ఉబ్బిందంటే లోపల తడి తగిలి గ్యాస్ వచ్చింది. పైన పగుళ్లు ఉంటే పరవాలేదు, బుడిపెలు ఉంటే వద్దు.

మెరుపుల పొడి ఉన్నది తెచ్చుకోకు. మైకా అయితే కడుగుతే పోతది, ప్లాస్టిక్ మెరుపులు మాత్రం టవల్‌ల, ట్రాప్‌ల, ఆఖరికి మోరీల పోతయి. పూరెక్కలు వేసినవి కూడ అంతే. ఇంట్ల చేసేటోళ్లు బతుకమ్మ అయిపోయినంక మిగిలిన బంతి రెక్కలు ఎండబెట్టి కలుపుతున్నరు, రంగు ముచ్చటగ ఉంటది నిజమే. నీళ్లల్ల పడ్డ రెండు నిమిషాలకు నల్లబడి ఒంటికి అతుక్కుంటయి, జాలి మూసుకపోతది. అంత ఇష్టమైతే పలచటి మల్లు గుడ్డల మూట కట్టి నీళ్లల్ల వెయ్యుండ్రి. పసుపు వద్దు, టబ్బు, టైళ్ల సందులు రెండూ పచ్చబడతయి. హోలీ రంగులు ఏ పరిస్థితిల కలపొద్దు, అవి ఒంటి కోసం చేసినవి కావు.

కర్పూరం, దాల్చిన చెక్క నూనె, లవంగ నూనె కూడ నీళ్లల్ల వెయ్యొద్దు. దాల్చిన, లవంగ నూనెలు చర్మం కాలినట్టు చేస్తయి. కర్పూరం చిన్న పిల్లలు మింగితే ఫిట్స్ వస్తయి. లావెండర్ నూనె తక్కువ మోతాదుల చాలామందికి పడుతది. అయినా ముందు మోచేతి లోపలి వైపు, ఒక చెంచా నువ్వుల నూనెల ఒక చుక్క కలిపి రాసి, ఒక రోజు చూసినంకనే.

కాజీపేట_ప్లంబింగ్

వాడినంక సంగతి కూడ రాస్తున్న. నీళ్లు పోయినంక టబ్బు వెంటనే కడుగు, ఆరినంక చార వదలదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, వేడినీళ్లు, మెత్తటి స్పాంజి. మడత టబ్బుకు స్టీలు పీచు తగిలితే గీతలు పడి అక్కడే మురికి చేరుతది. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ రెండు కలిపి పోసుడు ప్రాణానికే ముప్పు, క్లోరిన్ గ్యాస్ వస్తది. టబ్బు పూర్తిగ ఆరినంకనే మడత పెట్టు, లేకపోతే మడతలల్ల బూజు పడుతది. ట్రాప్‌ల ఒక బకెట్ వేడినీళ్లు పొయ్యి, నూనె దిగిపోతది.

ఆ 110 లీటర్లు చెట్లకు పొయ్యకు, సోడియం ఉంటది, కుండీల మట్టి గట్టిపడుతది. ఇల్లు తుడవనీకె వద్దు, నూనెకు జారుతది. పాయఖానల పొయ్యనీకె బకెట్లల్ల పట్టిపెట్టుకో. ఎండకాలం బోరు అడుగంటినప్పుడు వాటి విలువ తెలుస్తది.

సుబేదారి_ఫ్లాట్

అమ్మ గురించి చెప్పినందుకు ఫిజియో గారికి ప్రత్యేకంగ థ్యాంక్స్. కాళ్లు నానబెట్టుడు ఆపేస్తున్న, ముందు పాదాల పరీక్ష చేయిస్త. ఆఖరి ప్రశ్న. ఇప్పుడు వానలు, రెండు నెలలు ఆగాల్నా? ఎవరన్న వానకాలం చేసినవి ఉబ్బిపోతే పారెయ్యాల్సిందేనా? నాకు కాళ్లకు మాత్రమే వేసుకోవాలంటే ఎంత సైజు?

సబ్బులపని

ఆగాల్సిన పని లేదు కానీ రోజు చూసుకోవాలి. వాన పడుతున్న రోజు, పడి ఆగిన సాయంత్రం వద్దు. రెండు రోజులు ఎండ కాసి, ఉప్పు డబ్బాలో ఉప్పు పొడిపొడిగా రాలుతున్న రోజు మధ్యాహ్నం చేయండి. ఏసీ గది ఉంటే గంట ముందు వేసి అందులోనే కలపండి, ఆరబెట్టండి. కూలర్ ఉన్న గదిలో మాత్రం ఎండకాలంలో కూడా చేయొద్దు. కూలర్ గాలి నిండా తడే, రాత్రికి రాత్రి బాంబులు పగుళ్లు విచ్చుకుంటాయి. మన దగ్గర అన్నిటికంటే తేలికగా కుదిరేది ఏప్రిల్ పొడి ఎండలో, కూలర్ లేని గదిలో. తర్వాత డిసెంబర్, జనవరి.

ఆరాక ఒక్కొక్కటి ప్లాస్టిక్ కాగితంలో బిగించి చుట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో, తడి పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మొదటి రెండు రోజులు మాత్రం చుట్టొద్దు, లోపలి ఆల్కహాల్ బయటికి పోవాలి. బాత్రూంలో నిలువ పెట్టొద్దు. నాలుగైదు నెలల్లో వాడేయండి. తర్వాత పొంగు మిగిలినా నూనె కనరు వాసన వస్తుంది.

కాళ్లకు 7, 8 లీటర్ల టబ్బు అనుకుంటే 20 గ్రాముల ముక్క చాలు, సిలికాన్ ఐస్ ట్రేలో అదమండి, పై కొలతకు పాతిక వస్తాయి. వాసన నూనె సగానికి తగ్గించండి. పెద్ద బాంబ్ మొత్తం ఆ కొంచెం నీళ్లలో వేస్తే 100 లీటర్లకు లెక్కేసిన వాసన నూనె 8 లీటర్లలో పడుతుంది, పాదాలు మండేది అందుకే. కొన్న బాంబ్ అయితే ముక్క కోయకుండా బాకు మొనతో గీత గీసి విరవండి, మిగిలింది వెంటనే చుట్టేయండి.

టబ్బులో ఎప్పుడు వేయాలి అంటే, నీళ్లు పూర్తిగా నిండి, వేడి సరిచూసుకుని, మీరు దిగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు. నల్లా ధార కింద వేస్తే పొంగు, వాసన రెండూ నిమిషంలో ఎగిరిపోతాయి. 39 డిగ్రీల నీళ్లలో మూడు నుంచి ఐదు నిమిషాలు పొంగుతుంది. ఒక బాంబ్‌కు వచ్చే గ్యాస్ 15, 20 లీటర్లలోపే, వెంటిలేటర్ తెరిచి ఉంటే మీ సైజు బాత్రూంలో ఇబ్బంది ఉండదు. బయటికి వచ్చాక ఒక మగ్గు మంచినీళ్లు పోసుకుని, రుద్దకుండా టవల్‌తో ఒత్తుకోండి. ముదురు రంగు బాంబ్ వాడితే తెల్ల టవల్ వద్దు.

ఉబ్బిన వాటిని పారేయకండి. చిదిమి, పళ్లెంలో పలచగా పరిచి ఒక రోజు ఆరబెట్టి, డబ్బాలో పొడిగానే పెట్టుకోండి. పొంగు కొంత పోయి ఉంటుంది, నూనె, వాసన, సిట్రేట్ అట్లనే ఉంటాయి. పెద్ద టబ్బుకు నాలుగు గరిటెలు, కాళ్ల టబ్బుకు రెండు చెంచాలు. ఆరబెట్టే పళ్లెం అల్యూమినియంది కాకుండా స్టీలుదో పింగాణీదో చూసుకోండి, నిమ్మ ఉప్పు అల్యూమినియంను తింటుంది.